గోడకు దాహమెందుకు?

వానాకాలం వచ్చి నెల తిరగకుండానే గది గోడ అడుగున చెమ్మ పైకి పాకడం మీరు చూసే ఉంటారు. నేల దగ్గర మొదలై, మోకాలి ఎత్తుదాకా వచ్చి, అక్కడ గోధుమరంగు గీత ఒకటి గీసి ఆగుతుంది. ఆ గీత దగ్గర రంగు పొరలుపొరలుగా లేస్తుంది. వేలితో రాస్తే తెల్లని పొడి అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ళు మేస్త్రీని పిలుస్తారు. ఆయన ఆ మేరకు సిమెంటు పూసి వెళతాడు. మరుసటి ఏడు చూస్తే పూసిన సిమెంటు గట్టిగానే ఉంటుంది. కాని దానిపైన, ఇంకో అడుగు ఎత్తులో, కొత్త గీత!

సిమెంటు గట్టిది కదా, మరి చెమ్మ ఎందుకు ఆగలేదు? దీనికి జవాబు తెలియాలంటే ఒకసారి కార్వాన్ వెళ్ళి రావాలి.

హైదరాబాదులో పురానాపూల్ నుంచి గోల్కొండ వైపు వెళ్ళే దారిలో, మూసీకి దగ్గరగా ఉన్న పాతపేట కార్వాన్. బిడారు అనే అర్థమిచ్చే పారశీక పదం నుంచి వచ్చిన పేరిది. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు ఇక్కడ ఉండేవారు. 1671లో కట్టిన తోలి మసీదు ఇప్పటికీ ఇక్కడ నిలిచి ఉంది. దాన్ని కట్టిననాడు చిప్పెడు సిమెంటైనా వాడలేదు. వాడడానికి అప్పటికి సిమెంటు పుడితే కదా! ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. అంతకుముందు మన కట్టడాలను నిలబెట్టింది రాయి, ఇటుక, సున్నం. పాతబస్తీలోని పాత ఇళ్ళ గోడలూ అలాంటివే.

నీరు పైకి ఎలా ఎక్కుతుంది?

నీరు పల్లమెరుగు అంటారు. మరి గోడలో ఎదురెక్కుతుందేం? ఇటుకలోనూ సున్నంలోనూ కంటికి కనబడని సన్నని రంధ్రాలు కోటానుకోట్లు ఉంటాయి. దీపం వత్తిలో నూనె ఎక్కినట్లే ఈ రంధ్రాల్లో నీరు ఎక్కుతుంది. దీనినే కేశనాళికీయత అంటారు.

ఎక్కిన నీరు గోడ ముఖం మీదినుంచి ఆవిరైపోతూ ఉంటుంది. ఎక్కే నీరు, ఆరే నీరు సమానమైన ఎత్తులో చెమ్మ ఆగిపోతుంది. ఆ ఎత్తే మీరు చూసిన గీత. సిమెంటు పూతలోంచి తేమ తేలికగా బయటికి రాదు. కింద ఆరే దారి మూసేస్తే నీరు ఇంకా పైకి ఎక్కి, పూత అయిపోయినచోట ఆరుతుంది. అందుకే కొత్త గీత.

మీరే చేసి చూడండి. అద్దుడు కాగితం గాని, న్యూస్‌పేపరు గాని రెండంగుళాల వెడల్పున రెండు పొడవాటి ముక్కలు కత్తిరించండి. ఒకదానికి అడుగునుంచి జానెడు ఎత్తుదాకా పాలిథీన్ కాగితాన్ని గొట్టంలా వదులుగా చుట్టండి. రెంటినీ దండెం మీద వేలాడదీసి, కొసలు నీళ్ళ పళ్ళెంలో మునిగేలా పెట్టండి. గంటకోసారి తడి ఎంత ఎత్తుకు వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. చుట్టిన ముక్కలోనే తడి ఎక్కువ ఎత్తుకు పోతుంది.

ఆ తెల్లపొడి ఏమిటి?

నేలలోని నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరవుతుంది గాని లవణాలు ఆవిరి కావు. అవి స్ఫటికాలుగా మారి గోడ మీద మిగులుతాయి. రంధ్రాల లోపల స్ఫటికాలు పెరిగితే చోటు చాలక గోడను లోపలినుంచి నెడతాయి. పూత ఉబ్బి రాలేది అందుకే. ఈ లవణాల్లో నైట్రేట్లు కూడా ఉంటాయి. పూర్వం తుపాకిమందుకు కావలసిన సురేకారాన్ని పాత మట్టిగోడల దగ్గర గీకిన మట్టినుంచే తీసేవారు.

రాయి మళ్ళీ రాయి అవుతుంది

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి అది బొగ్గుపులుసు వాయువును వదిలి కాల్షియం ఆక్సైడుగా మారుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఇది కాల్షియం హైడ్రాక్సైడు. ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రాతిచక్రం కింద నూరితే అది డంగు సున్నం. గోడకు పూశాక ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని, నెలల తరబడి గట్టిపడుతూ, తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడమీద తిరిగి తెచ్చుకుంటుందన్నమాట!

మీ బడి ప్రయోగశాలలో తేరిన సున్నపునీటిలోకి గొట్టంతో ఊదినప్పుడు నీరు పాలలా మారుతుంది కదూ? గోడమీద జరిగేదీ ఆ మార్పే. ఊదడమే గాని పీల్చకూడదు సుమా! ఉడకని సున్నం జోలికి మీరు అసలు వెళ్ళవద్దు. కంట్లో పడితే చూపే పోవచ్చు.

ముందు జబ్బు కనుక్కోవాలి

చెమ్మ అంతా నేలనుంచే రాదు. పైకప్పు కారవచ్చు, గోడలోని గొట్టం కారవచ్చు, గదిలోని ఆవిరే చల్లని గోడమీద నీరు కావచ్చు. చెమ్మ ఉన్నచోట జానెడు చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి రెండురోజులు ఉంచండి. గది వైపు తడి పడితే అది గదిలోని ఆవిరి. గోడ వైపు పడితే గోడ లోపలి చెమ్మ. గది ఆవిరికి మందు కిటికీలు తెరవడమే.

మరమ్మతు ఇలా

మొదట నీరు వచ్చే దారి ఆపాలి. పెరట్లో గోడనానుకుని పూలమొక్కల పాదులు ఉన్నాయా? కుండీలు ఉన్నాయా? రోజూ పోసే నీళ్ళన్నీ గోడే తాగుతుంది. పాదులను రెండుమూడు అడుగులు దూరం జరపండి. గోడకు ఒరిగిన మట్టిని తీసేయండి. వాననీరు గోడనుంచి బయటికి పారేలా నేల వాలు ఉండాలి. మిద్దె తూములో ఆకులు అడ్డుపడితే పెద్దవాళ్ళ చేత తీయించండి. పెరడంతా గోడదాకా గచ్చు చేయించేటట్లయితే, గోడ వెంట జానెడు మేర వదిలి కంకర పోయించమనండి. నేల అక్కడ ఆరుతుంది.

తరువాత ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్ళతో కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పాడైన పూతను గీతకు పైన ఒకటిన్నర అడుగుదాకా మేస్త్రీ చేత తీయించి, ఒక ఎండాకాలమంతా గోడను ఆరనివ్వాలి. అప్పుడు ఒక పాలు తడిసున్నం, మూడు పాళ్ళు ఇసుక కలిపి పలుచగా రెండు పూతలు వేయించి, తడి గోనెపట్టాలతో కొన్నాళ్ళు కప్పి ఉంచాలి. పైన వెల్ల వేయాలి. నూనెరంగు వేస్తే మళ్ళీ దారి మూసినట్లే.

ఇదంతా పాత సున్నపు గోడల మాట. కొత్త ఇళ్ళలో పునాదిమీద తేమను ఆపే పొర వేస్తారు. వాటికి సిమెంటు పూతే తగినది.

గోడలో రావిమొక్క

పక్షులు రావిపండ్లు తిని గోడ నెర్రెలలో రెట్ట వేస్తాయి. అందులోని గింజ మొలుస్తుంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగి, ఆ నెర్రెను సున్నంతో పూడ్పించాలి. పైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. కాండం వేలిలావు అయ్యాక మాత్రం లాగవద్దు. వేరుతోపాటు రాళ్ళూ ఊడివస్తాయి. అది మేస్త్రీ చూడవలసిన పని.

పగులును కాపలా కాయండి

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కుండపోతగా వాన కురిసింది. బండ్లగూడలో గోడ కూలి ఇళ్ళలో ఉన్నవాళ్ళ ప్రాణాలు పోయాయి. తడిసిన గోడ బరువెక్కుతుంది, దాని బలం తగ్గుతుంది. వెనుక మట్టి ఉంటే అది కూడా నీరు తాగి గోడను ముందుకు తోస్తుంది.

అందుచేత మీ ఇంటి గోడలో పగులు ఉంటే ఇలా చేయండి. దానికి రెండువైపులా పెన్సిలుతో ఒక్కో చుక్క పెట్టి, వాటి మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, తేదీతో నోటుపుస్తకంలో రాసుకోండి. వారానికోసారి కొలవండి. అంకె మారకపోతే పగులు పాతదే, కదలడం లేదు. అంకె పెరుగుతుంటే, గోడ ఉబ్బినట్టో ఒరిగినట్టో కనబడితే, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుంటే, మరమ్మతుకోసం ఆగకండి. ఆ గోడ పక్కన ఎవరినీ పడుకోనివ్వకండి. వెంటనే పెద్దలకు చెప్పి ఇంజనీరును పిలిపించండి. చెమ్మగోడ మీది స్విచ్చిబోర్డును తాకవద్దని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.

ఇంటికి మేస్త్రీ వచ్చినప్పుడు మీరు ఆ నోటుపుస్తకం తీసి చూపించండి. ఏ నెలలో ఎంత కదిలిందో అంకెలతో చెప్పగలిగినవారు ఆ ఇంట్లో మీరొక్కరే అవుతారు!