ఇంట్లో చేసిన గిటార్‌కు నెక్ బిగించడం

పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని స్టేజీ ఎక్కి, సగం పాట కాకముందే శృతి పోయి, తల దించుకుని దిగిపోయిన పూర్వ విద్యార్థిని మీలో చాలామంది చూసే ఉంటారు. అది నేనే. 6వ తరగతి నుండి 10 వరకు ఇదే హాస్టల్లో చదివి, ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చేస్తున్నాను. ఆ రోజు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నా దగ్గరకొచ్చి "షాపులో కొనుక్కోవచ్చుగా అన్నా" అన్నాడు. కొనలేకే చేసుకున్నాను తమ్ముడూ. ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం ఆ రోజు నాకు తెలియదు. తెలిసిన తర్వాత రాస్తున్న వ్యాసం ఇది.

మా నాన్న వడ్రంగి. ఒక పాత ఇల్లు పడగొట్టినప్పుడు కూలి డబ్బులకు బదులు వచ్చిన టేకు ద్వారబంధం ముక్కలు మా వసారాలో పడి ఉండేవి. వాటిలో మూడింటిని పక్కపక్కన అతికించి గిటార్ బాడీ చేశాం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అంచులను థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు. నెక్ మాత్రం చెయ్యలేకపోయాం. దానిపై ఫ్రెట్లు మిల్లీమీటరులో సగం తేడా వచ్చినా స్వరం చెడిపోతుంది. అందుకని స్కాలర్‌షిప్పులో మిగిల్చిన డబ్బుతో ఒక రిపేరు షాపులో, బాడీ విరిగిపోయిన గిటార్ తాలూకు నెక్ కొన్నాను. ఇంకొకటి కొనే స్తోమత లేదు. దానికి బెజ్జం వేసేటప్పుడు చెయ్యి వణికిందంటే నవ్వకండి.

నెక్‌ను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించే పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్. ఆయన ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియో రిపేరు షాపు నడిపినవాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు! 1950లో ఆయన కంపెనీ తెచ్చిన గిటార్‌కు మరుసటి సంవత్సరం టెలికాస్టర్ అని పేరు పెట్టారు, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. రిపేరు చేసేవాడి బుద్ధితో ఆలోచించాడు కనుక, నెక్ పాడైతే నాలుగు స్క్రూలు విప్పి వేరేది పెట్టుకునేలా చేశాడు. ఇంగ్లీషులో దీన్ని బోల్ట్-ఆన్ అంటారు కానీ మామూలుగా అందులో బోల్టూ ఉండదు, నట్టూ ఉండదు. అవి చెక్క స్క్రూలే.

ఇక పని సంగతి. నెక్ మడమ కూర్చోవడానికి బాడీలో ఒక గూడు తొలవాలి. ఫెండర్ రకం నెక్‌కు మడమ వెడల్పు సుమారు 56 మి.మీ., మందం సుమారు 25 మి.మీ. గూడు లోతు 16 మి.మీ. ఉంటే, నెక్ బాడీ పైకి 9 మి.మీ. తేలుతుంది. గీత గీసేటప్పుడు కొలత పుస్తకంలోంచి తీసుకోకండి, మీ దగ్గరున్న నెక్‌నే బాడీ మీద పెట్టి చుట్టూ సన్నని పెన్సిల్‌తో గీయండి. గీతకు లోపలే ఉలి ఆపండి. తర్వాత ఉప్పు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీస్తూ, నెక్ పెట్టి చూస్తూ, మళ్ళీ తీస్తూ పోవాలి. నాన్న ఈ పనికి ఒక పూటంతా తీసుకున్నాడు. చివరికి నెక్ గూట్లో పెట్టి బాడీని పైకెత్తితే, స్క్రూ లేకుండానే అది పడిపోలేదు. గూడు అడుగు సమంగా ఉండాలి, మూలల్లో చెత్త ఉండకూడదు. పెయింట్ గడ్డ కూడా ఉండకూడదు.

బెజ్జాలకు ముందు దారం పరీక్ష చెయ్యాలి. నెక్ చివర నట్ దగ్గర రెండు అంచుల తీగల చోట రెండు దారాలు కట్టి బ్రిడ్జి వరకు లాగండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచులకూ దారాల దూరం సమానంగా ఉండాలి. ఒక పక్కకు పోతే నెక్ వంకర ఉన్నట్టు. బ్రిడ్జిని కూడా ఇప్పుడే గుర్తు పెట్టాలి, ముందుగా బిగించేయకూడదు. నట్ నుండి 12వ ఫ్రెట్‌కు కొలిచి రెట్టింపు చేయండి. నా నెక్‌కు 324 వచ్చింది, రెండింతలు 648 మి.మీ. సన్న తీగ ఆనే చోటు అక్కడికి రావాలి. లావు తీగది మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది కాబట్టి, బ్రిడ్జిలో అంత జరిగే చోటు వెనకవైపు వదలాలి.

స్క్రూ పొడవు లెక్క వేయకుండా కొనవద్దు. నా బాడీ మందం 45 మి.మీ., గూడు పోగా మిగిలింది 29. వెనక పెట్టే ఇనుప పలక 2. మొత్తం 31. స్క్రూ 45 మి.మీ. అయితే నెక్‌లోకి 14 దిగుతుంది. నెక్ మందం 25 కనుక ఇంకా 11 మి.మీ. క్షేమం. ఈ తీసివేత చెయ్యకపోతే స్క్రూ మొన ఫ్రెట్‌బోర్డులోంచి పైకి పొడుచుకు వస్తుంది.

ఇప్పుడు నా తప్పు. బాడీని, నెక్‌ను కలిపి పట్టుకుని, ఒకటే 3 మి.మీ. బిట్‌తో రెండింటికీ ఒకేసారి బెజ్జం వేశాను. స్క్రూలు గట్టిగా బిగిశాయి, చెయ్యి నొప్పి పుట్టేలా. చాలనుకున్నాను. ఆరు తీగలను శృతి చేస్తే నెక్ మీద పడే లాగుడు, సన్నరకం తీగలకైనా, సుమారు 46 కిలోల బరువంత. స్టేజీ మీద ఆ లాగుడుకు నెక్ కొంచెం కొంచెం ముందుకు వంగింది, తీగలు వదులై శృతి దిగిపోయింది.

ఇంటికెళ్ళాక నాన్న ఏమీ అనలేదు. న్యూస్‌పేపర్ ముక్క చించి నెక్‌కీ, గూడు అడుగుకీ మధ్య దూర్చాడు. దూరింది! స్క్రూ అంత గట్టిగా ఉండి కూడా సందు ఉంది.

"బాడీ బెజ్జం ఎంత వేశావురా?"

"నెక్‌కి వేసిందే నాన్నా, మూడు."

"అదీ సంగతి. మడతబందు బిగించేటప్పుడు ఎన్నిసార్లు చూశావు? పై దానికి వదులు, కింద దానికి పట్టు. రెండింటికీ మర పట్టిస్తే దగ్గరకెలా వస్తాయి?"

నాలుగో తరగతితో చదువు ఆపిన మనిషి చెప్పిన ఈ మాటను నేను నోట్సులో బొమ్మ వేసుకుని అర్థం చేసుకున్నాను. స్క్రూ ఒక చుట్టు తిరిగితే రెండు చెక్కల్లోనూ ఒకే దూరం ముందుకు పోతుంది. మొదట సందు ఎంత ఉంటే చివరికీ అంతే ఉంటుంది. బాడీలో మర పట్టకుండా స్క్రూ జారితేనే, దాని తల పలకను నొక్కి బాడీని నెక్ వైపు లాగుతుంది. చెక్క చెక్కను నొక్కే ఆ ఒత్తిడి, ఘర్షణ వల్లనే నెక్ కదలకుండా నిలబడుతుంది.

కాబట్టి బాడీ బెజ్జాలను 5 మి.మీ.కు పెద్దవి చేశాం. స్క్రూ వేలితో తోస్తే జారిపోవాలి. మీరు మొదటిసారి చేస్తే ముందు బాడీకి ఈ బెజ్జాలు వేసి, నెక్‌ను గూట్లో పెట్టి క్లాంపుతో బిగించి, ఆ బెజ్జాల్లోంచే 5 మి.మీ. బిట్ మొనతో నెక్ మీద గుర్తు పెట్టుకోండి. తర్వాత నెక్ తీసి 3 మి.మీ. బిట్‌తో బెజ్జం వేయండి. బిట్‌కు మొన నుండి 16 మి.మీ. దగ్గర టేపు చుట్టండి, టేపు తగలగానే ఆపాలి. డ్రిల్ పక్కన మూలమట్టం నిలబెట్టుకుంటే వంకర తెలుస్తుంది. నెక్ మేపుల్ చెక్క, చాలా గట్టిది. మరలకు సబ్బు రాసి తిప్పకపోతే స్క్రూ తల తెగిపోయే ప్రమాదం ఉంది. నాలుగింటినీ ఎదురెదురు మూలల వరసలో, కొంచెం కొంచెంగా బిగించాలి. ముందు తుక్కు చెక్క మీద ఒకసారి చేసి చూడండి, నేను అది కూడా చెయ్యలేదు.

బిగించాక నాన్న మళ్ళీ పేపర్ ముక్క తెచ్చాడు. ఈసారి దూరలేదు. రాత్రి శృతి చేసి గోడకు ఆనించి పడుకున్నాను. పొద్దున్నే లేచి మొహం కడక్కుండా మీటి చూశాను. ఆరు తీగలూ నిలబడే ఉన్నాయి.

తీగలు ఫ్రెట్లకు మరీ ఎత్తుగా ఉండి బ్రిడ్జి దించినా దిగకపోతే, గూట్లో బ్రిడ్జి వైపు చివర అట్టముక్క పలచగా పెట్టండి. నెక్ కొస వెనక్కి వాలి తీగలు దిగుతాయి. నాకు పెళ్ళి శుభలేఖ ముక్క సరిపోయింది.

ఈ ఏడాది వార్షికోత్సవానికి గిటార్ మళ్ళీ తెస్తున్నాను. స్క్రూడ్రైవర్ కూడా తెస్తాను. పాట అయిపోయాక విప్పి చూడాలనుకునేవాళ్ళు స్టేజీ వెనక్కి రండి.