ఒనేసిమును చేర్చుకొనుట
(ఫిలేమోను పత్రిక 10–18 వచనములు)



యజమానుని విడిచిపోయిన దాసుడగు ఒనేసిమును పౌలు తిరిగి ఆ యింటికే పంపెను. తానే చెరలోనుండి, వాని బాకీ తన లెక్కలో వేయుమని పూచీపడెను. ఆ పత్రిక ఫిలేమోనుకు మాత్రమేకాదు, అతని యింట కూడు సంఘమునకును వ్రాయబడెను.

నేడును ఖైదీలను విడుదలకు సిద్ధపరచు ఏర్పాట్లు కలవు. సత్ప్రవర్తనగలవారికి శిక్షలో కొంత తగ్గింపు దొరకును. చర్లపల్లి, అనంతపురము ఓపెన్ జైళ్లలో వారు పొలముపని చేసి కూలి సంపాదింతురు. పెరోలుమీద కొన్నాళ్లు ఇంటికి వచ్చి మరల వెళ్లుదురు. మరణశిక్షకు తగిన నేరమునకు యావజ్జీవశిక్ష పొందినవానికి మాత్రము, చట్టము చొప్పున, 14 ఏండ్లైనను జైలులో గడువవలెను.

పెరోలు ఇచ్చుటకు ముందు గ్రామములో విచారణ జరుగును. ఇతడు వచ్చిన కలహము రేగునా? ఎవరింట ఉండును? అప్పుడు మనమేమి చెప్పుదుము?

మొదట, వానివలన నష్టపడిన కుటుంబమును దర్శించి వారి భయమును వినవలెను. వారి కన్నీటిని దాటిపోవు దయ దయకాదు. పిమ్మట వానికి కూలిపని, తలదాచుకొను చోటు, ఆరాధనలో మన ప్రక్కనే చాప చూపవలెను. జైలు తలుపు ప్రభుత్వము తెరచును. ఊరి తలుపు మనము తెరువవలెను.

ధ్యానమునకు ప్రశ్న: మన సంఘములో ఎవరి నిమిత్తము పూచీపడుటకు వెనుదీయుచున్నాము?