నడివయసులో నడక, ముసలితనంలో మతి



సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము మూడవ అధ్యాయాన్ని ఎప్పుడైనా నిదానంగా చదివారా? వృద్ధుడైన తండ్రికి మతి తప్పినా కుమారుడు ఓర్చుకోవాలనీ, అతనిని చులకన చేయరాదనీ అక్కడ ఉపదేశం ఉంది. అంటే సుమారు రెండువేల రెండు వందల ఏండ్ల క్రితమే ఇండ్లలో ఈ బాధ ఉండేదన్నమాట.

మన విచారణలలోనూ ఉంది. ఏండ్ల తరబడి ఇంట్లో జపమాల నడిపించిన తల్లి ఇప్పుడు పరలోక జపం సగంలో ఆగిపోయి కూతురి ముఖం వంక చూస్తుంది. ఆ కూతురు ఎవరో కూడా ఒక్కొక్కరోజు ఆమెకు తెలియదు. ఇరుగుపొరుగువారు చాదస్తం అంటారు. కొందరు దయ్యం పట్టిందంటారు. రెండూ కావు. అది మెదడుకు వచ్చే జబ్బు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించేది ఆల్జీమర్స్. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం, అరవై ఏండ్లు దాటిన భారతీయులలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు.

ఈ జబ్బు డెబ్బైలో బయటపడినా, మెదడులో దాని పని పది, పదిహేను ఏండ్ల ముందే మొదలవుతుంది. కనుక ఈ మాటలు అవ్వతాతలకు కాదు, నలభైకీ అరవైకీ మధ్యనున్న మీకే.

మెదడు మన బరువులో నూటికి రెండు పాళ్ళే. అయినా మనం పీల్చే ప్రాణవాయువులో అయిదో వంతు దానికే పోతుంది. అది అందేది సన్నని రక్తనాళాల గుండా. బి.పి., షుగరు ఆ నాళాలను పాడుచేస్తాయి. ఈ రెండూ మనవారికి చిన్న వయసులోనే వస్తున్నాయి. అమెరికాలో నల్లజాతి వృద్ధులకు తెల్లవారికంటే సుమారు రెండు రెట్లు ఎక్కువగా డిమెన్షియా వస్తున్నది. అక్కడ కూడా బి.పి., షుగరు, పేదరికం, వైద్యం సరిగా అందకపోవడం ముఖ్య కారణాలుగా చెబుతున్నారు. అంటే తలవ్రాత అని ఊరుకోవలసిన విషయం కాదు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో పద్నాలుగు కారణాలను గుర్తించింది. వాటిని సరిదిద్దగలిగితే లోకంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చునని దాని అంచనా. ఒళ్ళు కదలకపోవడం ఆ కారణాలలో ఒకటి. బి.పి., షుగరు, పొగ, అతి మద్యం కూడా అందులోనివే.

2011లో అమెరికాలో ప్రకటించిన ఒక పరీక్ష నన్ను ఆశ్చర్యపరిచింది. 55 దాటిన 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు నడిచింది. రెండవది ఒళ్ళు సాగదీసే కసరత్తు మాత్రం చేసింది. ఏడాది తర్వాత చూస్తే, జ్ఞాపకాన్ని నిలిపే మెదడు భాగం నడిచినవారిలో రెండు శాతం పెరిగింది. రెండవ జట్టులో తగ్గింది.

“ఫాదర్‌గారూ, మేము పొలాల మనుషులం, మాకెందుకు ఈ నడకలు?” అంటారు శాంతిపురం వారు. నిజమే, మల్బరీ ఆకు కోసి మోసే తల్లికి నేను వ్యాయామం నేర్పను. కాని లెక్క చూసుకోండి. మునుపు పూజకు పల్లెల నుండి నడిచి వచ్చేవారు. ఇప్పుడు రెండు ఫర్లాంగులకు కూడా మోటారుసైకిలే. పిల్లలు బెంగుళూరులో సంపాదిస్తుంటే తండ్రి పొలం కౌలుకిచ్చి టీవీ ముందు కూర్చుంటాడు. మదనపల్లెలోనో పుంగనూరులోనో అంగడి పెట్టుకున్నవారు, కుట్టుమిషను ముందు కూర్చునేవారు, మాస్టర్లు, మాలాంటి గురువులు, అందరం కూర్చునేవాళ్ళమే.

ఒంటి మీద శ్రద్ధ లోకసంబంధమని మనలో కొందరి భయం. పునీత తోమాసు అక్వినాసు అలా బోధించలేదు. ఆత్మ, శరీరం కలిసి ఒకే మనిషి అనీ, ఈ లోకంలో మన బుద్ధి ఇంద్రియాలు, ఊహల సాయం లేకుండా ఆలోచించలేదనీ, అందుకే మెదడు దెబ్బతింటే ఆలోచన కుంటుపడుతుందనీ చెప్పాడు. 1992 నాటి సత్యోపదేశం కూడా ఆరోగ్యాన్ని దేవుని వరంగా చూసి కాపాడుకోమంటుంది. దేహాన్నే పూజించవద్దని వెంటనే హెచ్చరిస్తుంది.

నడిచినవారికి ఈ జబ్బు రానేరాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినవారు సోమరులనీ కాదు. ఆ తల్లి జీవితమంతా కష్టపడినదే. ముప్పు తగ్గుతుంది, అంతవరకే.

ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయిదు రోజులు, రోజుకు అరగంట. జపమాల అయిదు పదులకు ఇరవై నిమిషాలు పడుతుంది. చేత పట్టుకొని నడుస్తూ చెప్పండి. జపం చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేనంతగా ఊపిరి ఆడాలి. అదే సరైన వేగం. ఒంటరిగా రోడ్డు మీద నడవడానికి వెనుకాడే స్త్రీలు నలుగురు కలిసి గుడి ఆవరణలో తిరగవచ్చు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. అక్కడికి వెళ్ళినప్పుడే బి.పి., షుగరు కూడా చూపించుకోండి.