లండను అంగళ్లు నేర్పు పాఠములు

ఒక పట్టణపు చరిత్ర నెఱుంగగోరువారు దాని రాజమందిరములనే కాక అంగడివీధులను సయితము చూడవలెను. ఇంగ్లండు రాజధానియగు లండను నగరము ఇందులకు మంచి నిదర్శనము. ఆ నగరపు అంగళ్లు మనకు మూడు పాఠములు నేర్పుచున్నవి.

మొదటిది న్యాయమైన కొలత. నగరపు నడిబొడ్డున చీప్‌సైడను వీధి కలదు. ‘చీప్’ అను మాటకు ప్రాచీనాంగ్లమున సంత యని యర్థము. దాని ప్రక్కనున్న సందులకు రొట్టెవీధి, పాలవీధి యను నర్థములిచ్చు పేర్లు నేటికిని నిలిచియున్నవి. పూర్వ మచ్చట ఆ సరకులే అమ్మబడుచుండెను. అమ్మకమున్నచోట కొలత యుండవలెను గదా! 1215వ సంవత్సరమున జాను రాజు అంగీకరించిన మాగ్నా కార్టా యను శాసనమందు, ధాన్యమునకు రాజ్యమంతటను లండను కొలతయే యుండవలెనని నిర్ణయింపబడినది. దొంగకొలత బీదవాని నోటికూటిని హరించును.

రెండవది పరుల యాచారమును గౌరవించుట. తూర్పు లండనులోని పెట్టికోటు లేను బట్టల సంతకు ప్రసిద్ధి. అచ్చటి పెద్దసంత ఆదివారముననే జరుగును. ఇది విని మనలో కొందరు నొచ్చుకొనవచ్చును. కాని కారణము నరయుడు. పూర్వము అచ్చటి వర్తకులలో యూదులు పెక్కుమంది. వారు శనివారమును విశ్రాంతిదినముగా నాచరించి, ఆదివారమున అంగళ్లు తెఱచుచుండిరి. 1936వ సంవత్సరపు చట్టము ఆదివారపు వర్తకమును అరికట్టుచునే అట్టివారికి మినహాయింపు నొసంగెను. సంగతి తెలియకముందే తీర్పు తీర్చుట తగదు.

మూడవది దయ. కావెంటు గార్డెను పూర్వము వెస్టుమినిస్టరు మఠమువారి తోట. అచ్చట పండ్లు, పువ్వులు, కాయగూరలు అమ్ముటకు 1670లో రెండవ చార్లెసు రాజు అనుమతి నిచ్చెను. 1974లో ఆ సంత నైన్ ఎల్మ్సునకు తరలింపబడినది. కాస్టరుమంగరులను బీదవర్తకులు వేకువనే అచ్చట సరకు కొని, బండ్లపై నుంచి వీధులవెంట అమ్ముచుండిరి. తమలో నొకడు జబ్బుపడినచో తక్కినవారు చందాలు ప్రోగుచేసి యాదుకొనెడివారు. 1861లో జన్మించిన హెన్రీ క్రాఫ్టు అనాథశాలయందు పెరిగి, వీధులూడ్చి జీవించినవాడు. ఆతడు వీరి నడవడిని మెచ్చి, తన దుస్తులనిండ ముత్యపుచిప్ప గుండీలు కుట్టుకొని, జనుల దృష్టి నాకర్షించి, ఆసుపత్రులకును అనాథలకును ధనము ప్రోగుచేసెను. ముత్యాల రాజులు, రాణులు అని పిలువబడువారు నేటికిని ఆ పనిని సాగించుచున్నారు.

ఆక్స్‌ఫర్డు వీధిలో 1909లో తెఱవబడిన సెల్ఫ్రిడ్జి దుకాణపు గాజుకిటికీలలోని వస్తువులు చూపరుల కన్నులను మిరుమిట్లు గొలుపును. కాని బాలబాలికలారా! వీధులూడ్చిన ఆ బీదవాని చిప్పగుండీల కాంతి అంతకంటె గొప్పది కాదా?