క్వాసార్ల కాంతిలోని హెచ్చుతగ్గులు

కన్యారాశిలో, అనగా మన ఉర్దూ విభాగపు విద్యార్థులు 'సుంబులా' అని పిలిచే రాశిలో, 3సి 273 అనే మసక చుక్క ఒకటి గలదు. అది వట్టి కంటికి కానరాదు. 1962లో చంద్రుడు దానికి అడ్డువచ్చిన సమయాన్ని ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో కొలిచి, దాని స్థానాన్ని నిర్ణయించారు. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటాన్ని పరిశీలించి, హైడ్రోజన్ రేఖలు సుమారు 16 శాతం ఎరుపు వైపునకు జరిగినవని గ్రహించాడు. కావున అది నక్షత్రం కాదు. మనం నేడు చూచే దాని కాంతి దాదాపు 200 కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరినది. ఇట్టివాటికే క్వాసార్లని పేరు.

అదే యేడు హార్లన్ స్మిత్, డోరిట్ హాఫ్లైట్ హార్వర్డులో 1887 నుండి భద్రపరచిన ఛాయాచిత్ర పలకలను వెదకి, ఈ చుక్క ప్రకాశం హెచ్చుతూ తగ్గుతూ వచ్చినదని చూపారు. ఆ పలకలు తీసినవారికి క్వాసార్ అన్న మాటయే తెలియదు! మన హైదరాబాదు నిజామియా వేధశాలలోనూ ఒకప్పుడు ఇట్టి పలకలపైనే ఆకాశపటం సిద్ధమైనది.

ఈ హెచ్చుతగ్గులకు ఇంత విలువ ఎందుకు? కళాశాల ఆవరణలో బారులు తీరిన విద్యార్థులకు ఒక ఆజ్ఞ నోటినుండి నోటికి అందవలెనన్న, బారు ఎంత పొడవైతే అంత కాలం పట్టును. విశ్వంలో కాంతిని మించిన వార్తాహరుడు లేడు. ఒక నెలలో ప్రకాశం గణనీయంగా మారినచో, ఆ వెలుగునిచ్చు భాగం కాంతి ఒక నెలలో నడిచే దూరాన్ని మించి ఉండజాలదు. ఇంత చిన్నచోట ఇంత వెలుగా అన్న ఆశ్చర్యమే శాస్త్రజ్ఞులను కృష్ణబిలం వైపు నడిపించినది.

అయితే ఒక్క దృశ్యకాంతిని చూచిన చాలదు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయుచక్రం నుండి అతినీలలోహిత, దృశ్యకాంతులు, దాని సమీపంలోని అత్యుష్ణ ప్రాంతం నుండి ఎక్స్ కిరణాలు, వేడెక్కిన ధూళి నుండి పరారుణ కిరణాలు, వెలుపలికి చిమ్మే ధార నుండి రేడియో తరంగాలు వెలువడును. రెండు కాంతులు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తొందరపడరాదు. ఏది ముందు, ఏది వెనుక, ఎన్నాళ్ళు వెనుక అన్నదే అసలు ప్రశ్న. ఆ ఆలస్యమే మనకు కొలబద్ద.

3సి 273ను 2008 నుండి 2018 వరకు గమనించగా, చక్రపు కాంతి మారిన సుమారు 5 నెలలకు హైడ్రోజన్ రేఖలు మారుచున్నట్లు తేలినది. 2018లో చిలీలోని నాలుగు పెద్ద దూరదర్శినులను జతపరచి ఆ వాయువు విస్తృతిని నేరుగా కొలువగా, అదియును దాదాపు 145 కాంతిదినములే. వేర్వేరు దారులలో వెళ్ళిన ఇరువురు ఒకే గుమ్మం ముందు కలిసినట్లయినది! కృష్ణబిలం బరువు సూర్యునికి సుమారు 26 కోట్ల రెట్లని ఆ కొలత వల్ల అంచనా కట్టారు.

ఎక్స్ కిరణాలనూ, అతినీలలోహిత కిరణాలలో అధికభాగాన్నీ వాతావరణం అడ్డగించును గనుక వాటికై ఉపగ్రహాలు అవసరం. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్‌లో ఈ రెంటినీ ఏకకాలమున చూచు పరికరాలు అమర్చారు. నేలపైని దూరదర్శినులకు మబ్బులతో పాటు మరొక చిక్కు కూడ గలదు. ఏటా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట సూర్యుడు సరిగ్గా ఆ దిక్కుననే ఉండును. ఆ వారాలలో 3సి 273 దృశ్యకాంతి ఎట్లు మారినను వాటి లెక్కకు అందదు.