సరే అనేముందు

ఒంగోలు

స్రవంతీ,

అమీర్‌పేటలో మళ్ళీ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరతానన్నావట, అక్కయ్య చెప్పింది. మాంచెస్టర్ క్లయింటు ప్రతి కాల్‌లోనూ కొత్త పని నెత్తిన పెడుతున్నాడనీ, గడువు మాత్రం జరపడనీ, నువ్వేమో వాదించలేక సరేనని వచ్చేస్తున్నావనీ విన్నాను. ఫీజు కట్టకు తల్లీ. నీ ఇంగ్లీషుకు లోటేమీ లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ని ఇటలీ వాళ్ళకీ చైనా వాళ్ళకీ అమ్మినన్నాళ్ళూ నేను వాడిన ఇంగ్లీషంతా ఒక పేజీలో పడుతుంది. బేరానికి అంతకంటే అక్కర్లేదు.

మొదట ఊ కొట్టడం సంగతి. ఫోన్లో వింటున్నామని తెలియడానికి మనం "ఆ... ఆ..." అంటూ ఉంటాం. ఇంగ్లీషులోకి వెళ్ళగానే అదే "యెస్, యెస్, ఓకే" అయిపోతుంది. నువ్వు వింటున్నానని చెబుతున్నావు, అవతల ఆయన ఒప్పుకుందని రాసుకుంటున్నాడు. "ఐ సీ" అను, "గో ఆన్" అను. ఆయన ముగించాక "లెట్ మి చెక్ ఐ హావ్ అండర్‌స్టుడ్" అని, ఆయన అడిగినదాన్నే నీ మాటల్లో తిరిగి చెప్పు. చాలా పేచీలు అక్కడే తేలిపోతాయి.

ఇక అసలు బేరం. కొనేవాళ్ళు యార్డుకి వస్తే ముందు బండ మీద నీళ్ళు పోయిస్తారు. ఎండకి పైతడి ఆరిపోతుంది. వెంట్రుకవాసి పగులుంటే అక్కడ మాత్రం తడి నల్లటి గీతలా నిలిచిపోతుంది. గీత కనబడగానే దాని మీద వేలు పెట్టి, మొత్తం బండకి రేటు తగ్గించమంటారు. కుదరదంటే కారెక్కుతారు. తగ్గిస్తే మిగతా బండలన్నిటికీ అదే రేటడుగుతారు. నేను అడిగేది ఒకటే: "వాట్ విల్ యూ కట్ ఫ్రమ్ ఇట్?" చిన్న టైల్స్ కోసేవాళ్ళకి ఆ పగులుతో వచ్చే నష్టం తక్కువ. పెద్ద స్లాబులు కోసేవాళ్ళకి ఆ మూల నిజంగానే పనికిరాదు, వాళ్ళ భయం న్యాయమే. అప్పుడు, "ఇఫ్ వి లీవ్ దట్ కార్నర్ అవుట్ ఆఫ్ ద మెజర్‌మెంట్, కుడ్ యూ కీప్ ద రేట్?" కొలతలో ఆ మూల తీసేస్తాను, రేటు కదలదు. అడిగాక ఇక మాట్లాడకూడదు. ఆ కాసేపటి నిశ్శబ్దం భరించలేక మనవాళ్ళు చాలామంది తమ బేరం తామే తగ్గించుకుంటారు.

హార్వర్డ్‌కి చెందిన రోజర్ ఫిషర్, విలియమ్ యూరీ 1981లో రాసిన 'గెటింగ్ టు యెస్' పుస్తకం ఈ పద్ధతినే విడమరిచి చెబుతుంది. మనిషి పట్టుబట్టే మాట వేరు, దాని వెనకున్న అవసరం వేరు. ఉదాహరణకి, 1978లో క్యాంప్ డేవిడ్ చర్చల్లో సినాయ్ ద్వీపకల్పం మొత్తం తిరిగి కావాలని ఈజిప్టు, కొంత అట్టిపెట్టుకుంటానని ఇజ్రాయెల్ పట్టుబట్టాయి. సరిహద్దు ఎక్కడ గీసినా కుదరలేదు. ఒకరికి కావలసింది తమ నేల తమకి రావడం, ఇంకొకరికి కావలసింది గుమ్మం ముందు ట్యాంకులు లేకపోవడం. నేలంతా ఈజిప్టుకే ఇచ్చి, అందులో చాలాభాగంలో సైన్యం లేకుండా కట్టడి చేశారు.

మరి మీ మాంచెస్టర్ క్లయింటుకి రిపోర్టు శుక్రవారానికే ఎందుకు కావాలో ఎప్పుడైనా అడిగావా? "వై" అని మొదలుపెడితే నిలదీసినట్టుంటుంది. "కుడ్ యూ హెల్ప్ మి అండర్‌స్టాండ్ వాట్ హాపెన్స్ ఆన్ ఫ్రైడే?" అను. పైవాళ్ళకి నాలుగు అంకెలు చూపించాలంతేనేమో. తర్వాత షరతు ముందు, వరం వెనక: "ఇఫ్ యూ కుడ్ మూవ్ ద టెస్టింగ్ టు నెక్స్ట్ వీక్, వి కుడ్ గివ్ యూ దోజ్ ఫిగర్స్ బై థర్స్‌డే." తిరగేసి చెప్పావో, వరం విని షరతు వినకుండానే థాంక్యూ చెప్పేస్తాడు. ఇంగ్లండు వాళ్ళు "స్లైట్ ప్రాబ్లమ్" అంటే తేలిగ్గా తీసుకోకు, చాలాసార్లు అది పెద్ద ఇబ్బందే.

ఆయన ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో మీ మేనేజరుతో ముందే మాట్లాడి పెట్టుకో. అది తేలకుండా కాల్‌లో కూర్చుంటే నీ గొంతే పట్టిచ్చేస్తుంది. లేని గడువులు, లేని సెలవులు చెప్పి మాత్రం ఒప్పించకు. ఏడాది పొడుగునా మాట్లాడాల్సింది ఆ మనిషితోనే.

ఇక చెప్పే తీరు. రామాయణం కిష్కింధకాండలో హనుమ మొదటిసారి మాట్లాడినప్పుడు రాముడు ఆయన చదువుతోపాటు మాటతీరునీ మెచ్చుకుంటాడు. సాగదీయలేదు, తడబడలేదు, తొందరపడలేదు, గొంతు పెంచలేదు అని లక్ష్మణుడితో అంటాడు. నీకున్నది తొందర. యాస గురించి బెంగపడకుండా, పైన రాసిన వాక్యాలు ఫోన్లో రికార్డు చేసుకుని విను. షరతు దగ్గర గొంతు జారిపోతుందేమో చూసుకో.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. మాంచెస్టర్ ఆయన వంతు నేను మాట్లాడతాను. గట్టిగానే బేరమాడతాను, నువ్వు కూడా వెనక్కి తగ్గకు.

మామయ్య