పరిస్థితి – ప్రవర్తన : హుకుంపేట సంత నేర్పే పాఠం

మానవుడు సంఘజీవి. అతని మాట, నడత, ఇష్టానిష్టాలు అతడు మసలే సంఘాన్ని అనుసరించి రూపొందుతాయి. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని తెలుగువారి సామెత. ఉర్దూలో "సొహబత్ కా అసర్" అనే పలుకుబడి ఈ భావాన్నే తెలుపుతున్నది. ఈ సత్యాన్ని మనం స్నేహితులను ఎన్నుకొనేటప్పుడు గుర్తుంచుకుంటాము. ఇతరుల గుణదోషాలను నిర్ణయించేటప్పుడు మాత్రం మరచిపోతాము. తోటివాడు తడబడితే అది అతని స్వభావమంటాము. మనం తడబడితే పరిస్థితి అలా వచ్చిందంటాము. ఇతరుల నడతకు కారణం వెదకేటప్పుడు పరిస్థితిని చిన్నదిగా, స్వభావాన్ని పెద్దదిగా చూసే ఈ పొరపాటుకు లీ రాస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1977లో "మౌలికమైన ఆరోపణ దోషం" అనే అర్థం గల పేరు పెట్టాడు.

ఈ దోషానికి మన రాష్ట్రంలో ఎక్కువగా గురి అయినవారిలో మన్యవాసులు ఒకరు. "గిరిజనుడు అమాయకుడు, లెక్క తెలియనివాడు, రేపటి చింత లేనివాడు" అనే మాట మైదాన ప్రాంతంలో తరచు వినబడుతుంది. ఇది ఎంతవరకు నిజమో పరిశీలించడానికి హుకుంపేట మంచి ఉదాహరణ.

సంతలో ఒకరు, ఊరిలో ఒకరు

పాడేరు నుండి అరకు వెళ్ళే దారిలో ఉన్న హుకుంపేట, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండల కేంద్రం. ఈ ప్రాంతపు వారపు సంతలకు కొండ గ్రామాల నుండి పసుపు, అల్లం, మిరియాలు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు వస్తాయి.

నెత్తిన పసుపు మూట పెట్టుకొని కొండ దిగివచ్చిన ఒక స్త్రీని ఊహించుకుందాము. వర్తకుడు ఒక ధర చెబుతాడు. పక్కవాడు, ఆ పక్కవాడు కూడా అదే చెబుతారు. ఆమె ఒకటి రెండు మాటలాడి ఊరుకుంటుంది. చూచేవారు "పాపం, బేరమాడడం తెలియదు" అనుకుంటారు. కాని ఆమెకు తెలిసిన లెక్క వేరు. పొద్దు వాలకముందే కొండ ఎక్కాలి. మూటను తిరిగి మోసుకొనిపోవడం కష్టం. ఇంటికి ఉప్పు, నూనె కావాలి. పైగా ఆ వర్తకుని వద్దనే వానాకాలంలో అప్పు తీసుకొని ఉండవచ్చును. ఇన్ని బంధాల మధ్య నిలిచినవారు ఎంత తెలివిగలవారైనా ఆ ధరకే ఒప్పుకొంటారు. ఆ స్త్రీయే తన ఊరిలో ఏ చెలకలో ఏ విత్తనం వేయాలో నిర్ణయిస్తుంది. థింసా నృత్యంలో పదిమందిని నడిపిస్తుంది. స్వభావం మారలేదు, నిలిచిన చోటు మారింది.

ఒక్క తోడు చేసే మేలు

సాలమన్ యాష్ అనే శాస్త్రవేత్త 1951లో అమెరికాలో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. కొన్ని గీతలను చూపి, వాటిలో ఏది నమూనా గీతతో సమానమో చెప్పమన్నాడు. అది పసిబిడ్డకైనా తెలిసే ప్రశ్న. కాని ముందుగా మాట్లాడుకొన్న తక్కినవారంతా ఒకే తప్పు సమాధానం చెప్పినప్పుడు, పరీక్షకు లోనైన వ్యక్తులు సుమారు మూడింట ఒక వంతు సందర్భాలలో ఆ తప్పునే తామూ పలికారు. అయితే గుంపులో ఒక్కడు నిజం చెప్పినప్పుడు, ఇట్టి లొంగుబాటు నాలుగింట ఒక వంతుకు తగ్గింది.

సంతలోని ఒత్తిడి గీతల ప్రయోగం వంటిది మాత్రమే కాదు; అందులో ఆకలి, అప్పు కూడా ఉన్నాయి. అయినను పాఠం ఒక్కటే. అందరూ ఒకే మాట మీద ఉన్నచోట రెండవ గొంతు వినబడితే మనిషికి ధైర్యం వస్తుంది. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని నిర్ణీత ధరకు కొనడం ప్రారంభించినప్పుడు, సంతకు కావలసిన ఈ రెండవ గొంతే లభించింది. వర్తకుని అప్పులో ఉన్నవానికి ఆ తోడు పూర్తిగా అందదు. కాని పోల్చి చూచుకొనడానికి మరొక ధర ఉండడమే చిన్న విషయం కాదు.

సోమరితనమా, గొత్తి ఫలితమా?

విశాఖ మన్యంలో పూర్వం గొత్తి అనే పద్ధతి ఉండేది. పెండ్లికో, తిండిగింజలు అయిపోయిన వానాకాలానికో కొద్ది మొత్తం అప్పు తీసుకొన్నవాడు ఋణదాతకు చాకిరీ చేయాలి. ఆ చాకిరీ వడ్డీ కిందికే పోయేది. అసలు తరిగేది కాదు. తండ్రి తరువాత కొడుకు ఆ కాడి మోయవలసి వచ్చేది. ఇట్టివానికి శ్రమ మీద ఉత్సాహం లేదని నిందించడంలో న్యాయమేమున్నది? ఎక్కువ పని చేసినా ఫలం తనది కానప్పుడు ఉత్సాహం ఎక్కడ నుండి వస్తుంది? 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఋణదాస్యాన్ని రద్దు చేస్తూ నిబంధన చేసింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటికీ వచ్చింది. సోమరితనమని లోకం పేరుపెట్టినదానిలో చాలా భాగం అప్పుపత్రం యొక్క నీడ.

అదే మన్యంలో "అమాయకులు" అనబడినవారే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో ఆయుధం పట్టారు. 1882 నాటి అటవీ చట్టం పోడుకు, అడవి సంపదకు అడ్డుతగిలింది. గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ సరియైన కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. ముఠాదారుల అధికారం సన్నగిల్లింది. ఈ స్థితులన్నీ కూడినప్పుడు, నిన్నటి ఓర్పే నేడు తిరుగుబాటు అయింది. గాం మల్లుదొర ఆ పోరాటంలో పట్టుబడి, ద్వీపాంతరవాస శిక్ష అనుభవించాడు. ఆయనే 1952లో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒక ప్రభుత్వానికి నేరస్థుడైనవాడు మరొక వ్యవస్థలో శాసనకర్త అయ్యాడు. మనిషి అతడే.

తరగతి గదిలో

ఇంటిలో ఆదివాసీ ఒడియా మాట్లాడే బాలుడు బడిలో తెలుగు పాఠం ముందు మౌనంగా కూర్చుంటే అతనిని మందబుద్ధి అనడం సులభం. 2004లో రాష్ట్రంలో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ భావనను సరిదిద్దడానికి ప్రయత్నించింది. ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర మొదలైన ఎనిమిది భాషలలో తొలి పాఠాలు చెప్పే ఏర్పాటు చేసింది. తెలిసిన భాషలో అడిగితే జవాబు చెప్పగలవాడు, తెలియని భాషలో అడిగినందువలన మూగవాడవుతాడు. ఉర్దూ మాధ్యమం నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థుల విషయంలోనూ, తెలుగు మాధ్యమం నుండి వచ్చి ఇంగ్లీషు పుస్తకం ముందు తలవంచుకొనే వారి విషయంలోనూ దీనిని మనం గుర్తుంచుకోవాలి.

వైఖరులు మార్చుకొనే మార్గం

టర్కీలో జన్మించిన ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది బాలురను రెండు జట్లుగా చేసి పోటీలు పెట్టాడు. కొద్ది రోజులలోనే జట్ల మధ్య ద్వేషం పుట్టింది. వారిని ఊరకే ఒకచోట చేర్చి భోజనం పెడితే ద్వేషం తగ్గలేదు. కాని నీటి సరఫరా ఆగినప్పుడు దానిని కలిసి బాగుచేయవలసి వచ్చింది. కదలని లారీని కలిసి లాగవలసి వచ్చింది. ఇట్టి పనులతో క్రమంగా స్నేహం కుదిరింది. ఉపన్యాసం కన్న ఉమ్మడి పని బలమైనదని ఈ ప్రయోగం తెలుపుతున్నది.

అట్లని మనిషి పరిస్థితుల చేతిలో కీలుబొమ్మ అని భావించరాదు. ప్రవర్తన వ్యక్తి మీదను, పరిసరం మీదను ఆధారపడుతుందని కర్ట్ లెవిన్ 1936లో సూత్రీకరించాడు. మన్యంలో అందరూ తిరుగుబాటులో చేరలేదు. యాష్ ప్రయోగంలో అందరూ లొంగిపోలేదు. పరిస్థితి వాలును చూపుతుంది. ఆ వాలుకు ఎదురు నడిచేవారు అన్ని కాలాలలోను ఉన్నారు. కాని అందరినీ ఎదురునడకకు విడిచిపెట్టి, పడినవారిని నిందించే సంఘం న్యాయమైనది కాదు.

కాబట్టి విద్యార్థులారా, ఒకరిని "వాడింతే" అని అనే ముందు, "వాడు ఎక్కడ నిలిచి ఉన్నాడు?" అని ప్రశ్నించుకోండి. పదిమంది ఒకరిని పరిహసించేటప్పుడు పక్షం మారిన ఆ ఒక్క గొంతు మీది కావాలి. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులకు వేరువేరు పోటీలతో పాటు, ఒకే జట్టుగా చేయవలసిన పనులు కూడా ఏర్పాటు చేయండి, మొదటి సంవత్సరం పాఠాలకు మాతృభాషలో సహాయం కల్పించండి. స్వభావాలను మార్చడం మన చేతిలో లేకపోవచ్చును. పరిస్థితులను మార్చడం చాలావరకు మన చేతిలోనే ఉన్నది.